మత్తు దిగేటప్పుడు బాబు నన్ను గుర్తుపట్టలేదు, ఇరవై నిమిషాలు ఒకటే పెనుగులాట. ఇది మామూలేనా?

మల్లెతీగ (గుంటూరు) · శనివారం, రాత్రి 11:40

మా బాబుకి నాలుగేళ్లు. నిన్న పొద్దున టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ రెండూ తీశారు. రెండేళ్లుగా గురక, నోరు తెరుచుకుని నిద్ర, మధ్యరాత్రి ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేవడం. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. నేను అడగాలనుకున్నది దాని గురించి కాదు.

రికవరీ రూమ్‌లోకి నన్ను పిలిచేసరికి వాడు మంచం మీద విల్లులా వంగిపోతూ అరుస్తున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ నన్ను చూడట్లేదు. "నేను అమ్మని రా నాన్నా" అంటే నా చెయ్యి తోసేసి "అమ్మ కావాలి, అమ్మ కావాలి" అని ఏడ్చాడు. నేను ఎదురుగా ఉండగానే! సెలైన్ కోసం పెట్టిన క్యాన్యులా పీకేసుకున్నాడు, దుప్పటంతా రక్తం. ఇద్దరు పట్టుకున్నా ఆగలేదు. అక్కడున్న ఒకావిడ "గారాబం ఎక్కువైతే ఇలాగే ఉంటుంది" అన్నారు. ఆ మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఇరవై నిమిషాల తర్వాత నా భుజం మీదే నిద్రపోయాడు. లేచి "ఐస్‌క్రీమ్ ఎప్పుడిస్తారు" అని అడిగాడు. జరిగిందేదీ వాడికి గుర్తు లేదు.

మా అత్తగారు దిష్టి తీశారు. మావారు మత్తు ఎక్కువిచ్చారేమో, మెదడుకి ఏమైనా అయిందేమో అని రాత్రంతా కూర్చునే ఉన్నారు. మీ పిల్లల్లో ఎవరికైనా ఇలా జరిగిందా?

గోదారి గట్టు (రాజమండ్రి) · శనివారం, రాత్రి 11:58

జరిగింది అక్కా. మా పాపకి మూడేళ్లప్పుడు హెర్నియా ఆపరేషన్ అయింది. అచ్చం మీరు చెప్పినట్టే, గాలిని తంతూ ఏడ్చింది. "ఇంటికెళ్దాం" అంటుంది, ఎత్తుకుంటే "దించు" అంటుంది. పావుగంటకి చల్లబడింది. ఇప్పుడు రెండో తరగతి, ఎక్కాలన్నీ గడగడా చెబుతుంది. ముందు మీ ఆయన్ని పడుకోమనండి.

రికవరీ నర్సు (విశాఖ) · ఆదివారం, ఉదయం 6:15

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నాను. పదకొండేళ్లుగా రికవరీలోనే పని. మల్లెతీగ గారూ, మీరు చూసింది మేము దాదాపు ప్రతివారం చూస్తాం. రెండు నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో ఎక్కువ. టాన్సిల్స్, చెవి, కంటి ఆపరేషన్ల తర్వాత ఇంకాస్త ఎక్కువ. మత్తు దిగిన మొదటి అరగంటలో మొదలవుతుంది, చాలామందిలో అయిదు నుంచి పదిహేను నిమిషాల్లో తగ్గిపోతుంది, కొందరిలో అరగంట దాకా సాగుతుంది. ఇది గారాబం కాదు, మొండితనం కాదు. ఆ మాట అన్నవారు ఎవరైనా, అనకూడని మాట.

అలాంటప్పుడు మేము మొదట చూసేది వేరే కారణం ఏదైనా ఉందా అని. ఆక్సిజన్ సరిగా ఉందా, నొప్పి ఉందా, చాలాసేపు ఖాళీ కడుపుతో ఉన్న బిడ్డయితే షుగర్ పడిపోయిందా, ఉచ్చ వచ్చి చెప్పలేకపోతున్నాడా. అవన్నీ సరిగా ఉన్నాయని తేలాకే "ఇది మత్తు దిగే అల్లరి" అనుకుంటాం. ఆ తర్వాత ముఖ్యమైన పని దెబ్బ తగలకుండా చూడటం. మంచం కటకటాలకి దుప్పట్లు చుడతాం, లైట్లు తగ్గిస్తాం, గుమిగూడినవాళ్లని పంపేస్తాం. ఒక్కరే మాట్లాడాలి, అదీ మెల్లగా. నలుగురు నాలుగు వైపుల నుంచి "ఏడవకు ఏడవకు" అంటుంటే అది పెరుగుతుందే గానీ తగ్గదు.

నొప్పికీ దీనికీ తేడా ఎలా తెలుస్తుందని తల్లులు అడుగుతారు. నొప్పి ఉన్న బిడ్డ మిమ్మల్ని చూసి ఏడుస్తుంది, మీ మీదకి వస్తుంది. మత్తు దిగే గందరగోళంలో ఉన్న బిడ్డ చూపు మీ మీద నిలవదు. అయితే రెండూ కలిసి కూడా ఉండొచ్చు, అందుకే నొప్పి మందు సంగతి ఎప్పుడూ చూసుకుంటాం.

ఓరుగల్లు మత్తు డాక్టర్ · ఆదివారం, ఉదయం 10:05

సిస్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మీ ఆయన భయం గురించి రెండు మాటలు చెబుతాను.

ఇది మత్తు ఎక్కువై వచ్చేది కాదు. చిన్నపిల్లలకి మాస్క్ ద్వారా ఇచ్చే గ్యాస్ ఎక్కువగా సెవోఫ్లూరేన్. ఘాటైన వాసన ఉండదు, గొంతు మండదు, త్వరగా పనిచేస్తుంది, త్వరగా దిగిపోతుంది. ఆ త్వరగా దిగడంలోనే చిక్కు కూడా ఉంది. ఒళ్లు ముందు లేస్తుంది, తెలివి కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆ మధ్య ఖాళీలో బిడ్డకి తానెక్కడున్నాడో, ఎదురుగా ఉన్నది ఎవరో తెలియదు. తెలివి పూర్తిగా వచ్చాక ఆ ఘట్టం గుర్తుండదు. మీవాడు ఐస్‌క్రీమ్ అడిగాడంటే అదే సాక్ష్యం.

దీన్ని వైద్యులు ఎప్పటి నుంచో గమనిస్తున్నారు, 1960ల నాటి పత్రికల్లోనే వర్ణనలున్నాయి. కొలిచేందుకు 2004లో కెనడా వైద్యులు పెయిడ్ అనే స్కేలు తయారు చేశారు. అయిదే ప్రశ్నలు: బిడ్డ కళ్లలోకి చూస్తోందా, చేసే పనికి అర్థం ఉందా, చుట్టూ ఏముందో తెలుస్తోందా, కుదురు లేకుండా ఉందా, ఓదారిస్తే ఊరుకుంటోందా. ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 20. పది దాటితే మేము జాగ్రత్తపడతాం.

గ్యాస్‌కి బదులు నరంలోకి ప్రొపోఫాల్ అనే మత్తుమందు ఇస్తూ ఆపరేషన్ నడిపితే ఈ గొడవ తక్కువ. గ్యాసే వాడినా చివర్లో కొంచెం ప్రొపోఫాల్ ఇవ్వడం, డెక్స్‌మెడిటోమిడిన్ అనే మగత మందు ఇవ్వడం, నొప్పికి ముందే మందు వేయడం, ఇవన్నీ తగ్గిస్తాయి. పూర్తిగా లేకుండా చేస్తామని మాత్రం ఏ డాక్టరూ మాట ఇవ్వలేడు. మళ్లీ ఎప్పుడైనా మీ బాబుకి మత్తు ఇవ్వాల్సి వస్తే, "పోయినసారి లేచేటప్పుడు ఇలా అయింది" అని ముందుగా చెప్పండి. మాకు చాలా పనికొచ్చే మాట అది.

మల్లెతీగ (గుంటూరు) · ఆదివారం, ఉదయం 11:30

డాక్టర్ గారూ, సిస్టర్ గారూ, చదువుతూ ఏడ్చేశాను. మావారికి కూడా చదివి వినిపించాను. ఇప్పుడే పడుకున్నారు. ఒక సంగతి ఒప్పుకోవాలి. థియేటర్ తలుపు దగ్గర వాడిని నా చేతుల్లోంచి లాక్కున్నట్టు తీసుకెళ్లారు. వాడు అరుస్తూనే లోపలికి వెళ్లాడు. లేచేటప్పుడు అలా అవడానికి ఇది కూడా కారణమా?

ఓరుగల్లు మత్తు డాక్టర్ · ఆదివారం, మధ్యాహ్నం 2:20

ఒక కారణం అయ్యుండొచ్చు. భయంతో లోపలికి వెళ్లిన పిల్లల్లో లేచేటప్పుడు అలజడి ఎక్కువగా కనిపిస్తుందనీ, ఇంటికెళ్లాక పీడకలలు, పక్క తడపడం, తల్లిని వదలకపోవడం లాంటివి కూడా ఎక్కువేననీ అమెరికాలో డాక్టర్ కైన్ బృందం చూపించింది. కానీ ప్రశాంతంగా వెళ్లిన పిల్లలు కూడా అరుస్తూ లేస్తారు. కాబట్టి ఈ నేరం మీ నెత్తిన వేసుకోవద్దు.

చుక్కల గౌను (కరీంనగర్) · ఆదివారం, సాయంత్రం 5:50

ఇదంతా చదివి నాకు టెన్షన్ మొదలైంది. మా పాపకి అయిదేళ్లు. వచ్చే గురువారం మెల్లకన్ను ఆపరేషన్. పాపకి ఇంకా ఏమీ చెప్పలేదు. జూ పార్క్‌కి అని చెప్పి హైదరాబాద్ తీసుకెళ్దామని మా ఆయన అంటున్నారు. ఏం చేయాలో చెప్పండి ప్లీజ్.

తణుకు తాతయ్య · ఆదివారం, సాయంత్రం 6:30

అమ్మా, మీ ఆయన చెప్పిందే మంచిదని నా అభిప్రాయం. చంటిపిల్లకి ముందే చెబితే నాలుగు రోజులూ అన్నం తినదు, నిద్రపోదు. మా అబ్బాయికి చిన్నప్పుడు అలాగే చాక్లెట్ కొంటానని తీసుకెళ్లి చేయించాం. పెద్దయ్యాడు, ఉద్యోగం చేసుకుంటున్నాడు.

గోదారి గట్టు (రాజమండ్రి) · ఆదివారం, రాత్రి 7:10

బాబాయ్ గారూ, మీ మీద గౌరవంతోనే ఒప్పుకోలేకపోతున్నాను. మేమూ పాపకి "అమ్మమ్మ గారింటికి" అని చెప్పే తీసుకెళ్లాం. ఆపరేషన్ అయిన ఏడాది దాకా బ్యాగు సర్దితే చాలు, మంచం కిందకి దూరిపోయేది. అమ్మమ్మ గారింటికి అంటే కూడా ఏడుపే. దానికి ఇష్టమైన ఊరే దానికి భయంగా మారింది. అబద్ధం చెప్పినందుకు నేను ఇప్పటికీ బాధపడుతున్నాను.

రికవరీ నర్సు (విశాఖ) · ఆదివారం, రాత్రి 9:00

చుక్కల గౌను గారూ, చెప్పండి. అయిదేళ్ల పిల్లకి రెండు మూడు రోజుల ముందు చాలు, మంగళవారం చెప్పినా సరిపోతుంది. ఏడెనిమిదేళ్ల వాళ్లయితే వారం ముందు. మరీ రెండేళ్ల లోపు వాళ్లకి మాటలకన్నా మీ ఒడి ముఖ్యం.

ఏం చెప్పాలంటే, ఉన్నదే చిన్న మాటల్లో. "నీ కన్ను నేరుగా చూసేలా డాక్టర్ సరిచేస్తారు. ఒక మాస్క్ పెడతారు, బుడగ ఊదినట్టు ఊదాలి. అప్పుడు నిద్ర వస్తుంది. అది రాత్రి పడుకునే నిద్ర కాదు, డాక్టర్ ఇచ్చే నిద్ర. పని అయ్యేదాకా ఏమీ తెలియదు. తర్వాత ఆయనే లేపుతారు." ఈ తేడా చెప్పడం అవసరం. లేకపోతే ఇంటికొచ్చాక రాత్రి పడుకోవడానికే భయపడే పిల్లలున్నారు. "కోస్తారు" అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. "నొప్పే ఉండదు" అని కూడా అనొద్దు. "లేచాక కన్ను మండినట్టు, ఇసుక పడ్డట్టు ఉంటుంది, చెబితే మందు వేస్తారు" అనండి.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మన ఇళ్లలో అన్నం తినకపోతే "సూది వేయిస్తా", అల్లరి చేస్తే "డాక్టర్‌ని పిలుస్తా" అంటాం కదా. ఆ పిల్లలు మా దగ్గరికి వచ్చేసరికి ఏమంటారో తెలుసా? ట్రాలీ మీద పడుకుని చేతులు జోడించి "సిస్టర్, నేను అన్నం అంతా తిన్నాను, నాకు సూది వద్దు" అంటారు. తప్పు చేశాను కాబట్టి ఇక్కడికి తెచ్చారని నమ్ముతారు. మొదటిసారి విన్నప్పుడు నేను బయటికెళ్లి నిలబడిపోయాను. దయచేసి ఆ బెదిరింపు మానేయండి. మాట వినని పిల్లలకి వేసే శిక్ష కాదు ఇది, ఆ సంగతి పాపకి విడిగా ఒకసారి చెప్పండి.

తణుకు తాతయ్య · ఆదివారం, రాత్రి 9:40

అమ్మా, నిజం ఒప్పుకుంటాను. మనవడికి అన్నం పెట్టేటప్పుడు ఆ మాట నేనే అంటాను. రోజూ. వాడికి అంగన్‌వాడీకి వచ్చిన ఆర్‌బీఎస్‌కే (పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం) డాక్టర్లు చూసి, వినికిడి తక్కువగా ఉంది, చెవిలో నీరు చేరిందని చెప్పారు. చిన్న ఆపరేషన్ అవసరం పడొచ్చట. ఈ రాత్రి నుంచి ఆ మాట అనను.

డల్లాస్ నాన్న · సోమవారం, ఉదయం 8:25

మా బాబుకి ఇక్కడ అయిదేళ్లప్పుడు టాన్సిల్స్ తీశారు. ఇక్కడి పిల్లల ఆసుపత్రుల్లో చైల్డ్ లైఫ్ స్పెషలిస్ట్ అని ఒకరుంటారు. వాళ్ల పనే పిల్లలకి ఆటగా చెప్పడం. ఆవిడ మాస్క్ తెచ్చి బొమ్మకి పెట్టించింది, స్ట్రాబెరీ వాసన, బబుల్‌గమ్ వాసన రెండు తెచ్చి "ఏది కావాలి" అని అడిగింది. వాడు ఎంచుకున్నాడు. ఏ బొమ్మ, ఏ వాసన, ఎడమ చెయ్యా కుడి చెయ్యా, చిన్న చిన్న విషయాల్లో నిర్ణయం వాడిదే. లోపలికి బొమ్మ కారు మీద కూర్చుని వెళ్లాడు. నాకు మాత్రం లోపలికి అనుమతి లేదు. బ్రిటన్‌లో ఉండే మా చెల్లెలు మటుకు పాప నిద్రపోయేదాకా పక్కనే ఉందట.

మన దగ్గర కూడా తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వాలని గట్టిగా అడగాలి. ఇది హక్కు కావాలి.

ఓరుగల్లు మత్తు డాక్టర్ · సోమవారం, మధ్యాహ్నం 1:15

డల్లాస్ నాన్న గారూ, మీ భావన నాకు అర్థమవుతుంది, కానీ అంత సూటిగా లేదు విషయం. ధైర్యంగా ఉన్న తల్లి పక్కనుంటే భయపడే బిడ్డకి మేలు. తల్లే వణికిపోతుంటే బిడ్డ ఇంకా బెదురుతుంది. కళ్లు పైకి తిరిగి, ఒళ్లు ఒక్కసారిగా వాలిపోవడం చూసి కళ్లు తిరిగి పడిపోయిన తండ్రులున్నారు. పోల్చి చూసిన పరిశోధనల్లో తల్లిదండ్రులు పక్కనుండటం కన్నా ముందుగా ఇచ్చే భయం తగ్గించే మందే బాగా పనిచేసింది.

ఆ మందు గురించి అడగండి, చుక్కల గౌను గారూ. మిడజోలం నోటి ద్వారా ఇస్తే ఇరవై ముప్పై నిమిషాల్లో బిడ్డ మెత్తబడుతుంది. చేదు, అందుకే తియ్యటి ద్రవంలో కలుపుతాం. డెక్స్‌మెడిటోమిడిన్ ముక్కులో వేస్తే అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది, లేచేటప్పుడు అల్లరి తగ్గడానికి కూడా ఉపయోగపడుతుంది. అయితే మల్లెతీగ గారి బాబులా నిద్రలో ఊపిరి ఆగే పిల్లలకి ఇలాంటి మందులు ఇవ్వడానికి మేము వెనకాడతాం. అక్కడ ఇవ్వలేదంటే నిర్లక్ష్యం అనుకోవద్దు. వీడియో చూపించడం కూడా చిన్నమాట కాదు. ఇష్టమైన కార్టూన్ ఫోన్‌లో నడుస్తుంటే మాస్క్ పెట్టిన సంగతే గమనించని పిల్లలున్నారు.

ఆకలి సంగతి కూడా చూసుకోండి. అన్నం, బిస్కెట్లు, ఆవుపాలు లేదా గేదెపాలు ఆరు గంటల ముందు ఆపాలి. హార్లిక్స్ కలిపిన పాలు కూడా పాలే. తల్లిపాలు నాలుగు గంటలు. మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా ఇవ్వొచ్చు, కొన్ని దేశాల్లో ఇప్పుడు గంట ముందు దాకా ఇస్తున్నారు. "రాత్రి పన్నెండు తర్వాత ఏమీ వద్దు" అని చెప్పి పాప కేసు మధ్యాహ్నానికి పెడితే, నీళ్లు ఎప్పటిదాకా ఇవ్వొచ్చో గట్టిగా అడగండి. పన్నెండు గంటలు దాహంతో ఉన్న పిల్లకి ఏ బొమ్మ ఇచ్చినా ఊరుకోదు. కానీ వాళ్లు చెప్పిన టైమ్ దాటాక జాలిపడి ఎవరూ బిస్కెట్ పెట్టకూడదు. మత్తులో వాంతి అయి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకి వస్తుంది. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నా దాచొద్దు.

చుక్కల గౌను (కరీంనగర్) · సోమవారం, రాత్రి 8:45

అన్నీ రాసుకున్నాను డాక్టర్ గారూ. ఒక చిన్న ప్రశ్న, తప్పుగా అనుకోవద్దు. పాప మెడలో మా అమ్మ కట్టిన తాయెత్తు ఉంది. కాళ్లకి పట్టీలు. అన్నీ తీయాలా?

రికవరీ నర్సు (విశాఖ) · సోమవారం, రాత్రి 10:10

తప్పేముందమ్మా, అందరూ అడిగేదే. పట్టీలు, గాజులు, వెండి మొలతాడు తీసేయాలి. రక్తం ఆపడానికి కరెంటుతో పనిచేసే పరికరం వాడతారు, లోహం ఒంటి మీద ఉంటే కాలే ప్రమాదం. గోళ్లరంగు తుడవండి, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు సరిగా చూపించాలి కదా. కాటుక వద్దే వద్దు. తాయెత్తు మీ చేతికి కట్టుకోండి, పాపకి చూపించి "నువ్వు వచ్చేదాకా నా దగ్గర ఉంటుంది" అనండి. ఇవన్నీ ఇంట్లోనే తీసేయండి, థియేటర్ బయట గుంజి తీస్తే అక్కడే ఏడుపు మొదలవుతుంది.

కంటికి కట్టు వేస్తారేమో ముందే అడగండి. కట్టుతో లేస్తే చీకటిగా ఉండి పిల్లలు బెదిరిపోతారు. ఇంట్లో ఒక కంటికి గుడ్డ కట్టి దొంగాట ఆడించండి.

చుక్కల గౌను (కరీంనగర్) · శనివారం, మధ్యాహ్నం 12:20

గురువారం ఆపరేషన్ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మంగళవారం రాత్రి చెప్పాం. పది నిమిషాలు ఏడ్చింది. తర్వాత ప్రశ్నలు. "నువ్వెక్కడుంటావు", "మాస్క్ ఊడిపోతే", "నేను లేవకపోతే". ఆ మూడోదానికి నా గొంతు పూడుకుపోయింది. "డాక్టర్ పక్కనే కూర్చుని నీ గుండె చప్పుడు వింటూ ఉంటారు, లేపడం ఆయన పనే" అన్నాను. బుధవారమంతా కుందేలు బొమ్మకి గిన్నె మూత మాస్క్‌గా పెట్టి ఊదించింది.

మత్తు డాక్టర్‌ని మందు అడిగాను. ముక్కులో వేశారు. మగతగా ఉన్నా తలుపు దగ్గర నా కొంగు పట్టుకుంది, కానీ అరవలేదు. లేచేటప్పుడు ఏడ్చింది, కట్టు పీకబోయింది. ముందే చెప్పి ఉంచడం వల్ల నన్ను వెంటనే లోపలికి పిలిచారు. నేను మాట్లాడకుండా చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పదినిమిషాలు పట్టింది నన్ను గుర్తుపట్టడానికి. మీరంతా చెప్పి ఉండకపోతే ఆ పదినిమిషాలు నేను తట్టుకోగలిగేదాన్ని కాదు. నా పక్క మంచం తల్లి బాబుని చూసి స్పృహ తప్పేలా ఉంటే, నేనే వెళ్లి "ఇది తగ్గిపోతుందమ్మా, మిమ్మల్ని గుర్తుపడతాడు" అని చెప్పాను.

మల్లెతీగ (గుంటూరు) · ఆదివారం, ఉదయం 9:30

చాలా సంతోషం చెల్లీ. మావాడు నొప్పి తగ్గి అన్నం మెత్తగా కలిపితే తింటున్నాడు. కానీ మూడు రాత్రులు పక్క తడిపాడు, బాత్రూమ్‌కి కూడా నన్ను వెళ్లనివ్వట్లేదు. నిన్నటి నుంచి ఒకటే ఆట, ఏనుగు బొమ్మకి పెన్సిల్‌తో సూదులు పొడవడం. పొడిచి పొడిచి కట్టు కడతాడు, విప్పి మళ్లీ పొడుస్తాడు. మావారు ఆ బొమ్మ దాచేద్దామంటున్నారు.

రికవరీ నర్సు (విశాఖ) · ఆదివారం, ఉదయం 10:00

దాచొద్దండీ, ఆడుకోనివ్వండి. కుదిరితే మీరూ కూర్చోండి, ఏనుగుకి ఎక్కడ నొప్పిగా ఉందో వాడిని అడగండి. పక్క తడపడం, అంటిపెట్టుకోవడం చాలామందిలో రెండు వారాల్లో తగ్గుతాయి. తిట్టకుండా దుప్పటి మార్చేయండి. నెల దాటినా అలాగే ఉంటే పిల్లల డాక్టర్‌కి చూపించండి.

మీకు ఇవాళ్టికి తొమ్మిదో రోజు కదా. అయిదు నుంచి పది రోజుల మధ్య గొంతులో తెల్లపొర రాలుతుంది. నీళ్లు బాగా తాగించండి. ఉమ్మిలో ఎర్రటి రక్తం కనిపించినా, నిద్రలో మాటిమాటికీ గుటకలు వేస్తున్నా పొద్దున దాకా ఆగకుండా అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి.